సస్పెండైన పంతులుకొచ్చిన రొట్టె

నాందేడ్ బస్టాండులో నా పక్కన కూర్చున్నాయన పేపరు మడిచి, "చిన్న బడులు మూసే సర్కారుకు ఓటెందుకెయ్యాలె?" అని అందరికీ వినబడేలా అన్నాడు. ఆయనా నాలాగే జిల్లా పరిషత్ బడిలో పంతులట, కిన్వట్ దగ్గర సర్ఖని వైపు ఊళ్లో.

"మెల్లగ గురూజీ, ఎవరన్న వింటరు," అన్నాను.

"విన్నరు సార్. ఊరి సభల గిదే మాటంటే సస్పెండ్ జేసిండ్రు. ఇయ్యాల విచారణకు అచ్చిన," అని నవ్వాడు.

నేను పనిచేసే బడినీ మూస్తారని అప్పటికే అనుకుంటున్నారు. నేనెక్కడా నోరు మెదపలేదు. ఆ నవ్వు చూస్తే ఒళ్లు మండింది. నౌకరీ ఊడేలా ఉన్న మనిషికి అంత ధీమా ఏమిటి?

అంతలో కిన్వట్ బస్సు వచ్చింది. ఆయన తరఫున చెప్పడానికి కూలి మానుకొని వచ్చిన ఊరివాళ్లు నలుగురైదుగురు దిగారు. ఒకామె మూట విప్పి జొన్నరొట్టె ఆయన చేతిలో పెట్టింది.

"తినుండ్రి గురూజీ. పొద్దుగాల ఏం తినకుంటనే అచ్చినట్టున్నరు."

ఆయన సగం విరిచి నాకిచ్చాడు. తీసుకొని తిన్నాను.

తర్వాత నా బడి మూసేశారు, నన్ను వేరే ఊరికి మార్చారు. నా నౌకరీలో ఇప్పటికీ ఒక్క మచ్చ లేదు. నాకోసం రొట్టె కట్టుకొని బస్సెక్కిన మనిషీ లేడు.