గఫూర్ సాహెబు వైద్యం

వన్‌టౌన్‌లో యునానీ మందులిచ్చే హకీం గఫూర్ సాహెబు పొట్లం కట్టిచ్చి ఊరుకునే మనిషి కాదు. పైజామా అంచుకు రబ్బరుబ్యాండు వేసుకుని, సైకిలు తొక్కుకుంటూ రోగి ఇంటికే వెళ్లి మందు పనిచేసిందో లేదో కనుక్కునేవాడు. వెయ్యేళ్ల కిందటి అరబ్బు వైద్యులు యునానీకి మూలమైన గ్రీకుల మాటనైనా పరీక్షించి గాని నమ్మేవారు కాదని ఆయనకు వాళ్లంటే గురి. పాత అరబ్బు గ్రంథాల్లో ఉందని తాతగారి కాలంనుంచి తమ కొట్లో పాముకాటుకు ఇస్తున్న వేరునూ అలాగే గమనించాడు. తాచు కరిచినవాళ్లలో ఒక్కరూ బతకలేదు.

డెబ్భై మూడు వానాకాలంలో, శివారు పొలంలో తాచు కరిచిన భార్య సీతారావమ్మను బసవయ్య రిక్షాలో తెచ్చాడు. "తాతగారి వేరు ఇప్పించండి సాయిబుగారూ" అన్నాడు. "దాంతో బతకదయ్యా. పెద్దాసుపత్రికి పోదాం పద" అంటూ గఫూర్ గుమ్మం దిగబోయాడు. తనతోపాటు కొట్టు నడిపే అన్నగారు అడ్డం నిలబడ్డాడు.

"పెద్దలు రాసినదాన్ని కాదంటావా? రేపటినుంచి మన కొట్టుకెవరొస్తారు?"

"గ్రీకుల్ని కాదన్నారు కాబట్టే వాళ్లు పెద్దలయ్యారు భాయీజాన్. తప్పుకోండి."

పెద్దాసుపత్రిలో విషానికి విరుగుడు సూది వేస్తే సీతారావమ్మ బతికింది. ఆమె ఇంటికి చేరిన రోజున గఫూర్, అన్నగారు చూస్తుండగానే, ఆ వేరుముక్కల డబ్బా కాలవలో బోర్లించి వచ్చి కొట్టు తెరిచాడు.