కొల్లేటి ఒడ్డున కింది గది

మా అక్కకు గుండెలో స్టెంట్లు వేసి దవాఖాన నుంచి పంపించిన వారం, మిర్యాలగూడ నుంచి ఆమే నాకు ఫోన్ చేసింది. బావ ఇంట్లో లేనట్టుంది.

"తమ్మీ, ఎవ్వలూ గేటెత్తకుండ, ఎవ్వలూ మూయకుండ, దానంతటదే ఉండే నీళ్లు ఒక్కసారి సూడాలె. మనం తోడవుట్టినోళ్లం ముగ్గురం పోదామా?"

ఆ మాట నాతోనే అనడంలో కొంచెం ఎత్తిపొడుపు ఉంది. నేను కాలువల మీద వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాను. ఏ తూము ఎంత ఎత్తారు, ఏ వేళకు దించారు అని రాయడంతోనే నా సర్వీసు గడిచింది. డైరీ అలవాటు అక్కడే పట్టుకుంది. మా వైపు నీళ్లు ఎవరో వదిలితే వస్తాయి, ఎవరో కట్టేస్తే ఆగుతాయి. అందుకని దూరమైనా కొల్లేరు అనుకున్నాను. చలికాలం పక్షులొస్తాయి, ఒడ్డున అద్దెకు ఇళ్లు దొరుకుతున్నాయి.

అక్క మా ఇంటికి రాక ఆరేళ్లయింది. అమ్మ పెద్దకర్మ నాడు భోజనాల మొదటి పంక్తికి నేను చీటీ చూసి పేర్లు పిలిచాను. అందులో బావ పేరు లేదు. రాయడం మరిచిపోయాను, అంతే. ఆయన కండువా దులుపుకుని లేచి వెళ్లిపోయాడు. ఆయన వెనక అక్క కూడా తినకుండానే వెళ్లింది. మధ్యలో తమ్ముడు రెండుసార్లు రాయబారం నడిపాడు, కుదరలేదు. ఇప్పుడు అక్క తనంతట తానే అడిగింది. ఆమె గుండె ఎన్నాళ్లుంటుందో డాక్టరు చెప్పలేదు, మేం అడగలేదు. ఆమెను ఈ ప్రయాణానికి తీసుకుపోగలిగితే మా మధ్య ఉన్నది తీరిపోతుందని నమ్మాను. తీసుకుపోలేకపోతే ఇక తీరదని కూడా తెలుసు.

ఇల్లు ముందే చూసి రావాలనుకున్నాను. కోదాడలో ఉండే తమ్ముణ్ని వెంటబెట్టుకుని వెళ్లాను. పెంకుటిల్లు. కింద ఒక గది, పైన రెండు. కింది గది కిటికీ తెరిస్తే నీళ్లే. మంచం మీద పడుకునే చూడవచ్చు. నేను మెట్ల ఎత్తు, బాత్‌రూం గడప, మంచానికీ తలుపుకీ మధ్య దూరం టేపుతో కొలిచి రాసుకుంటుంటే ఇంటాయన నవ్వాడు.

"ఏవండీ, అద్దెకేనా, కొనేస్తారా ఏంటండీ?"

"మా అన్న అంతేనండీ," అన్నాడు తమ్ముడు. "పెళ్లిచూపులకెళ్లి వదిన వాళ్ల గుమ్మం కూడా కొలిచొచ్చాడు. వదిన్ని మాత్రం సరిగ్గా చూళ్లేదు."

నేనూ నవ్వాను. కింది గదికి ఎదురుగా డైరీలో 'అక్క, బావ' అని రాశాను. ఇంటికొచ్చి మొత్తం ఒక కాగితం మీద వేశాను: ఎవరు ఏ గది, ఏ పూట ఏం వండాలి, అక్క గోలీల వేళలు, కోదాడలో ఎంతసేపు ఆగాలి. దాన్ని ఫోటో తీసి కుటుంబం గ్రూపులో పెట్టాను. పిల్లలంతా బొటనవేళ్లు ఎత్తారు. అక్క ఫోన్ నుంచి కూడా ఒక బొటనవేలు వచ్చింది.

బయలుదేరే రోజు దగ్గరపడ్డాక ఖాయం చేసుకుందామని ఫోన్ చేస్తే బావ ఎత్తాడు.

"ఫోన్ల కాగితం బొమ్మ పెట్టినవట. గదొక పిలుపా? గట్లయితే కొల్లేరు బొమ్మ గూడ పెట్టు, ఈన్నే సూసి కూసుంటం."

తప్పు ఆయనది కాదు. మా ఇళ్లలో ఆడబిడ్డ మొగుణ్ని దేనికైనా ఇంటికిపోయి పిలవాలి. అందులోనూ అలిగిన మనిషిని. అన్నీ రాసుకున్న నేను ఆ ఒక్కటీ రాసుకోలేదు. మర్నాడు పొద్దున్నే నా భార్యను తీసుకుని, పండ్లు, అక్కకు చీర, బావకు బట్టలు పెట్టుకుని మిర్యాలగూడ పోయాను.

బావ కుర్చీ చూపించాడు. అక్క మంచినీళ్లిచ్చి వంటింట్లోకి పోయింది. నా భార్య ఆమె వెనకే పోయింది.

"తప్పయింది బావా," అన్నాను. "ఆనాడు చీటీల నీ పేరు రాయకపోవుడు నాదే తప్పు. ఇంటికి పెద్దోనివి. నువ్వు రాకుంటే మేం పోయి ఏం చేస్తం?"

"ఇన్నేండ్లకు యాదికొచ్చిన్నా?"

"యాదికుండే వచ్చిన."

"మీ కాలువల నీళ్లు గూడ గింత లేటుగ రావు బామ్మర్దీ," అన్నాడు. అని నవ్వాడు. ఆయన నవ్వాడంటే ఒప్పుకున్నట్టే. నా భార్యను పిలిచి బట్టలు పెట్టించాను. ఆయన తీసుకుని కళ్లకద్దుకున్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ ఉత్సాహంలో కాగితం తీసి ఆయనకు చదివి వినిపించడం మొదలుపెట్టాను.

"మీరు బస్సు ఎక్కుడు గిట్ల ఏం లేదు. సూర్యాపేట నుంచి నేనే సుట్టు తిరిగి గిటొస్త. మీ గల్మ ముందటనే బండి ఆపుత. అక్క ఒక్క మెట్టు దిగితే సాలు."

వంటింట్లోంచి అక్క వచ్చింది. చేతిలో టీ గ్లాసులున్నాయి. కింద పెట్టింది.

"ఇప్పుడు ఆగుతదా మన బండి?" అంది.

నాకు అర్థం కాలేదు.

"అమ్మ బొక్కలు కృష్ణల కలపనీకి వాడపల్లి పోయిన్రు గదా, కర్మ అయిన మూడొద్దులకు. గీ బజారుకెళ్లే పోయిన్రు. తమ్ముడు ఫోటో పెడితే గద నేను సూసింది. మా ఇంటి ముందటికెళ్లి మా అమ్మ పోయింది, నేను లోపట బియ్యం ఏరుకుంట కూసున్న."

"అస్థికలున్న బండిని ఒకరి ఇంటి ముందట ఆపరాదు గదక్కా," అన్నాను.

"నాకు తెల్వదా? ఆపుమన్ననా? పోతున్నమని ఒక్క ఫోను. గల్మల నిలబడి దండం పెట్టుకుందును. మూన్నెల్లు పక్కమీదున్న అమ్మకు నీళ్లు పోసింది నేను. ఈయన పంక్తిల పేరు లేదని అలిగిండు. నేను గూడ గందుకే రాలేదనుకున్నవా?"

బావ తల తిప్పుకున్నాడు. ఆయనకూ ఇది కొత్తే.

"నేను పోదామా అనడిగితే, నువ్వు గదులు కొలిసినవ్, గోలీలు రాసినవ్. ఇయ్యాల వచ్చి గంట సేపు ఆయనతోని మాట్లాడినవ్. నా దిక్కు ఒక్కసారి తిరిగినవా? నేను రాను తమ్మీ. మీరు పోయి రండ్రి."

ఆ క్షణం నేను చేయాల్సింది ఒకటే ఉంది. బావతో అన్న మాట ఆమెతో అనాలి. అనలేదు. ఆ రోజు వాడపల్లిలో అయ్యవారు ఇచ్చిన సమయం గురించి, దారిలో ట్రాఫిక్ గురించి, ఫోన్ చేసే వీలు దొరకలేదని, ఏదేదో వివరించాను. ఆమె విన్నది. విని ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది. నేను తెచ్చిన చీర కుర్చీ మీదే ఉండిపోయింది.

అనుకున్న రోజున బండి వాళ్ల గుమ్మం ముందు ఆపాను. ఆమె వస్తుందనే ఆశతో ముందు సీటు ఖాళీగా ఉంచాను. బావ ఒక్కడే సంచి పట్టుకుని వచ్చాడు. "ఇంటికొచ్చి పిలిసినవ్, రాకుంటే బాగుండది," అని ముందు సీట్లో కూర్చున్నాడు. హారన్ కొట్టబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దు. పడుకున్నది." పొద్దున పదకొండు గంటలప్పుడు ఆమె పడుకునే మనిషి కాదు.

కొల్లేరు నేను అనుకున్నదానికన్నా పెద్దది. గూడబాతులు వచ్చి ఉన్నాయి. ఏ గట్టూ లేకుండా నీళ్లు గడ్డిలోకి, గడ్డి నీళ్లలోకి పోతున్నాయి. కింది గది బావకే ఇచ్చాం. సాయంత్రం ఆయన కిటికీ దగ్గర కూర్చుని అక్కకు వీడియో కాల్ చేశాడు.

"సూడు, నీళ్లు. అగో, తెల్లగున్నయి సూడు, పిట్టలు."

"కనవడ్తున్నయి."

"ఎట్లున్నయి?"

"మంచిగున్నయి. నీ బీపీ గోలీ ఏసుకున్నవా?"

"ఏసుకున్న. నీ తమ్ముడు ఈన్నే ఉన్నడు, మాట్లాడు."

ఆయన ఫోన్ నా చేతికిచ్చాడు. చూసేసరికి తెర మీద ఏమీ లేదు.

"సిగ్నల్ పోయినట్టుంది," అన్నాడు బావ.

మళ్లీ కలపమని నేను అనలేదు. ఆయనా కలపలేదు.