అరుగు మీద నల్లరాయి

మా వీధిలో ఒక మాట ఉంది. ఇంటికి రంగులు వేయించుకున్నాక నా భార్యకు చేపల వాసన పడకుండా పోయిందని, అందుకే మా అరుగు మీద కూర్చుని చేపలమ్మే మనిషిని లేపేయించిందని అంటారు. అది నిజం కాదు. అసలు జరిగింది తెలిసినవాణ్ణి నేనే కాబట్టి నేనే రాస్తున్నాను.

మాది విజయవాడలో రైలుకట్టకు దగ్గరగా ఉన్న పాత వీధి. ఇల్లు మా నాన్న కట్టించింది. పడమటి ముఖం. ప్రహరీ లాంటిదేమీ లేదు, ముందు గోడ రోడ్డుకు ఆనుకునే ఉంటుంది. ఆ గోడకు బయట ఒక సిమెంటు అరుగు, దాని పైన సన్‌షేడ్, పక్కన చిన్న గేటు. పొద్దున పూట ఎండ ఇంటి వెనక ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం దాకా అరుగు మీద నీడే.

నేను వన్ టౌన్‌లో ఒక ఎలక్ట్రికల్ సామాన్ల హోల్‌సేల్ షాపులో పనిచేస్తాను. వయసు యాభై దాటింది. ఇల్లు పైకి ఎలా కనిపిస్తోందో అంతవరకూ పట్టించుకున్నవాణ్ణి కాదు. మా బావమరిది గన్నవరం వైపు ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిచాడు. భోజనాలయ్యాక అందరం ఆ ఇంటి ముందు నిలబడి ఫోటోలు దిగాం. తిరిగొచ్చి మా వీధిలో ఆటో దిగేసరికి మొదటిసారి మా ఇంటిని పరాయివాడిలా చూశాను. గోడ నిండా వానలకు పట్టిన నల్లటి చారలు. తుప్పు పట్టిన గేటు. వేలాడే కేబుల్ వైర్లు. ఎప్పటి ఎన్నికలదో ఒక పోస్టరు, అందులో ఎవరిదో సగం మొహం.

"ఇంటిని కాస్త బాగుచేయాలి," అన్నాను.

"మనకి బానే ఉందిగా," అంది నా భార్య.

"మనకి బాగుంటే చాలా? చూసేవాళ్ళకో?"

"చూసేదెవరండీ? పాలతనూ, కరెంటు బిల్లు అతనూ."

ఆమె అలాగే మాట్లాడుతుంది. నేను పని మొదలుపెట్టాను. పెద్దగా ఖర్చు పెట్టే స్తోమత లేదు, అందుకని సెలవురోజుల్లో నా చేతులతో అయ్యేవే చేశాను. బ్లీచింగ్ నీళ్ళు పోసి ఇనప బ్రష్షుతో గోడ పాకుడు గీకాను. పగుళ్ళలో సిమెంటు కూరి, ముందు గోడకు మటుకు లేత బూడిద రంగు వేశాను. పక్క గోడలు ఎవరూ చూడరు. గేటును ఉప్పుకాగితంతో రుద్ది, రెడ్ ఆక్సైడ్ పూసి, పైన నల్ల ఎనామిల్ వేశాను. అట్టపెట్టె చిరిగిపోయి షాపులో అమ్ముడుపోని గోడ లైట్లు రెండు తెచ్చి గుమ్మానికి అటూ ఇటూ బిగించాను. అన్నిటికంటే తేడా తెచ్చింది మాత్రం వైర్లన్నీ కలిపి ఒక పైపులో దూర్చి మూలకు జరపడం. ఇల్లు చక్కబడాలంటే కొత్తవి పెట్టడం కంటే వేలాడేవి తీసేయడమే ముందు పని అని అప్పుడు అర్థమైంది.

ఎదురింటి పెద్దాయన బ్యాంకులో చేసి రిటైరయ్యారు. గేటు ఆరుతుండగా వచ్చి నిలబడి, "ఏవండోయ్, ఈ ఇల్లు కొన్నది మీరేనా?" అన్నారు. ఆ రోజంతా నేను గాల్లో ఉన్నాను.

మిగిలింది అరుగు.

దాని మీద ఆదివారాలూ బుధవారాలూ ఒక చేపలావిడ కూర్చునేది. కొల్లేటి వైపు నుంచి తెల్లవారుజామున వచ్చే సరుకు తీసుకుని, బేసిన్ నెత్తిన పెట్టుకుని మా వీధికి వచ్చేది. దాదాపు నా భార్య వయసే. ఆవిడ కత్తిపీట మా మెట్ల కింద ఉండేది. వీధిలో వాళ్ళంతా గిన్నెలు పట్టుకుని మా అరుగు దగ్గరికే వచ్చేవాళ్ళు. నా భార్యది నాగాయలంక దగ్గర ఊరు, చేపల సంగతి బాగా తెలుసు. ఆవిణ్ణి "అక్కా" అనేది. ఆవిడేమో "చెల్లెమ్మా" అంటూనే బేరం దగ్గర మాత్రం ఒక్క రూపాయి తగ్గేది కాదు. ఇద్దరూ మాటల్లో పడితే నా టిఫిన్ సంగతి ఎవరికీ గుర్తుండేది కాదు.

ఆవిడ వెళ్ళేముందు అరుగంతా నీళ్ళు పోసి కడిగేది. అయినా సిమెంటు కదా, మరకలు ఇంకిపోయాయి. సందుల్లో పొలుసులు మెరిసేవి. పిల్లులు, కాకులు సరేసరి. కొత్త రంగు గోడ కింద ఆ అరుగు నాకు కంట్లో నలుసైంది.

మా షాపులో ఒకాయన వంటింటి గట్టు మార్చినప్పుడు మిగిలిన నల్ల గ్రానైటు ముక్కలుంటే అడిగి తెచ్చాను.

"అరుగు మీద వేస్తారా?" అంది నా భార్య. "మరి అక్క ఎక్కడ కూర్చుంటుంది?"

"చూద్దాంలే."

శనివారం రాయి పరిచాను. దాని మీద వరసగా మొక్కల కుండీలు పెట్టాను. మనిషి కూర్చోవడానికి జాగా లేకుండానే పెట్టాను. అది అనుకోకుండా జరిగిందని చెప్పుకోలేను.

ఆదివారం పొద్దున ఆవిడ బేసిన్‌తో వచ్చి కుండీల ముందు నిలబడింది. నా భార్య పెరట్లో బట్టలు ఉతుకుతోంది. నేను గుమ్మంలోకి వచ్చాను.

"ఏంటి బాబుగారూ, తోట పెట్టారు?" అంది నవ్వుతూ.

"ఏమనుకోకమ్మా. మా ఆవిడకి ఈ మధ్య చేపల వాసన పడట్లేదు. తలనొప్పి వస్తోంది."

ఆ నవ్వు ఆగిపోయింది. "చెల్లెమ్మ అన్నదా?"

"అవునమ్మా."

ఆవిడ నన్ను దాటుకుని లోపలికి ఒకసారి చూసింది. పిలుస్తుందేమోనని నాకు భయం వేసింది. పిలవలేదు. "కత్తిపీట ఇప్పించండి," అంది. అడిగిందే తడవుగా మెట్ల కింది నుంచి తెచ్చిచ్చాను. కాసేపటికి నా భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చి, "అక్క రాలేదా?" అని అడిగితే, "వచ్చింది. ఇక నుంచి మెయిన్ రోడ్డు మీద కూర్చుంటుందట. అక్కడ బేరం బాగుందట," అన్నాను. ఒకటి దాచడానికి రెండోది.

ఆ మొదటి మాట నా నోట అంత సులువుగా ఎలా వచ్చిందో చెప్పాలి. మా బజారులో అందరం చేసే పనే అది. చందాకు వచ్చినా, చీటీ కట్టమన్నా, బండి అడిగినా, "మా ఆవిడ ఒప్పుకోదండీ" అంటాం. అవతలి మనిషి నవ్వి వెళ్ళిపోతాడు. వాడూ ఇంకొకడితో అదే అంటాడు. ఏ ఆవిడ పేరు చెప్పామో ఆవిణ్ణి ఎవరూ వెళ్ళి అడగరు, చూడరు. అందుకని ఆ మాటతో ఎవరికీ ఏమీ కాదనుకుంటాం. చేపలావిడకు మా ఆవిడ ఒట్టి మాట కాదని, ఏళ్ళ తరబడి ఎదురుగా కూర్చుని మాట్లాడిన మనిషని నాకు తట్టలేదు.

వీధిలో ఆడవాళ్ళకు చేపలు దూరమయ్యాయి. చేపలావిడ చెప్పగా కారణం వాళ్ళకు తెలుసు, నా భార్యకే తెలియదు. కూరగాయల బండి దగ్గర ఒకావిడ నా భార్యతో, "మీకేంలెండి, లైట్లు గట్రా పెట్టించుకున్నారు, ఇంక ఈ నీసు వాసనలు ఎందుకు పడతాయి," అన్నదట. ఇంటికొచ్చి, "ఆవిడకేమైందండీ?" అని నన్నే అడిగింది. నాకేం తెలుసన్నాను.

తర్వాత ఒక బుధవారం తనే సంచీ తీసుకుని మెయిన్ రోడ్డుకు వెళ్ళింది. చేపలావిడ అక్కడ మురుగు కాలవ మూత మీద, ఎండలో కూర్చుని ఉందట. వెనక ఆటోలు. నా భార్య బొమ్మిడాయిలు ఇమ్మంటే తలెత్తలేదట.

"ఇవి నీసండి అమ్మగారూ. మీకు పడవు."

ఖాళీ సంచీతో వచ్చిన మనిషి ఆ సంచీ మడిచి చిలక్కొయ్యకు తగిలించి, కుండీలకు నీళ్ళు పోస్తున్న నా దగ్గరికి వచ్చింది.

"నాకు వాసన పడదని నేనెప్పుడు చెప్పాను?"

"ఏదో మాటవరసకన్నాలే."

"మాటవరసకు మీ పేరు చెప్పొచ్చుగా."

వెళ్ళి నిజం చెప్పి రమ్మంది. సరేనన్నాను. ఆదివారం వెళ్ళాను కూడా. చుట్టూ జనం ఉన్నారు. కిలో శీలావతి కొనుక్కుని వచ్చాను.

"చెప్పారా?"

"జనం ఎక్కువగా ఉన్నారు."

"బేరం చేయడానికి అడ్డం రాలేదు కాబోలు ఆ జనం," అని చేపలు తీసుకుని లోపలికి పోయింది. ఆ పూట కూర మాత్రం వండింది. ఆమె తినలేదు.

రెండోసారి వెళ్ళినప్పుడు చెప్పేశాను. అక్కడ అప్పుడు మా వీధి ఆడవాళ్ళే ఇద్దరున్నారు. పోనీ వాళ్ళూ వింటారు, మంచిదే అనుకున్నాను.

"అమ్మా, ఆ రోజు మా ఆవిడ ఏమీ అనలేదు. అరుగు శుభ్రంగా కనపడాలని నేనే నిన్ను వద్దనుకున్నాను. ఆవిడ మీద పెట్టి చెప్పాను."

ఆవిడ కత్తిపీట మీద చెయ్యి ఆపి నన్ను చూసింది. తర్వాత మెల్లగా నవ్వింది.

"ఊరుకోండి బాబుగారూ. ఇంటావిడ మాట పడకూడదని మీరు నెత్తినేసుకుంటున్నారు." పక్కనున్నవాళ్ళ వైపు తిరిగి, "చూశారా, మొగుడంటే ఇట్టా ఉండాలి. మా ఇంట్లోనూ ఉన్నాడొకడు, నేను పడిపోతే బేసిన్ ఏమైందని చూస్తాడు," అంది. అంతా నవ్వారు. ఎంత చెప్పినా నా మాట ఎవరూ తీసుకోలేదు. సాయంత్రానికి ఎదురింటి పెద్దాయన, "మొత్తానికి మీరు మంచివారండీ, ఇల్లాలిని వెనకేసుకొచ్చారటగా," అని భుజం తట్టారు.

ఆ మాట నా భార్యకు చెప్పాను. మొదట నవ్వింది.

"ఇంక నా తరఫున మీరేం మాట్లాడొద్దు," అంది తర్వాత. "వద్దన్నప్పుడూ మీరే మంచివారు, ఒప్పుకున్నప్పుడూ మీరే మంచివారు. రెండుసార్లూ చెడ్డదాన్ని నేను."

మరుసటి ఆదివారం పాత నూలు చీర కట్టుకుని బయల్దేరింది. సంచీ పట్టుకుని నేను వెనకాల వెళ్ళాను. వెళ్ళీ వెళ్ళడంతోనే చేపలావిడ పక్కన గోనె మీద కూర్చుంది. ఎవరో కొన్న రొయ్యలు గిన్నెలో ఉంటే ముందుకు లాక్కుని తలలు తీసి వలవడం మొదలుపెట్టింది. చేతులు చకచకా ఆడుతున్నాయి.

"లెండి అమ్మగారూ. చీరకి నీసంటుద్ది."

"అంటనీ. చిన్నప్పుడు రేవుకి పడవొచ్చిందంటే బడి ఎగ్గొట్టి పరిగెత్తేదాన్ని. మా అమ్మ గడప అవతలే నా మీద నీళ్ళు గుమ్మరించేది."

రొయ్యలు అయిపోయాయి. ఇంకొకరివి తీసుకుంది. కొనడానికి వచ్చిన మా వీధి వాళ్ళు గిన్నెలు పట్టుకుని ఊరికే నిలబడిపోయారు. అప్పుడు అడిగింది.

"నాకు పడదంటే నువ్వెట్టా నమ్మావక్కా? నన్నొక్కసారి పిలిచి అడగొద్దా?"

చేపలావిడ చేతిలో చేప తోక కోసి పక్కన పడేసింది.

"మగాయన గుమ్మంలో నిలబడి చెప్తుంటే నిన్ను పిలిచి ఎట్టా అడగను చెల్లెమ్మా? ఆయన ముందు నువ్వు అవుననాలి, లేదా కాదనాలి. ఏదన్నా నీకే చేటు. అందుకని లేచొచ్చాను." తర్వాత నా వైపు చూసింది. ఈసారి మొగుడంటే ఇట్టా ఉండాలనలేదు.

ఆ తర్వాతి సెలవు రోజున కుండీలు తీసేసి, సుత్తీ ఉలీ పట్టుకుని గ్రానైటు పగలగొట్టాను. సిమెంటుతో పట్టేసింది కాబట్టి ముక్కలుగానే వచ్చింది. గోడ రంగు కూడా కింది భాగంలో దెబ్బతింది. అరుగు మీద మళ్ళీ గరుకు సిమెంటు వేసి, ఆరాక వెళ్ళి చేపలావిడకు చెప్పాను. రమ్మని అడిగాను.

"రాను బాబుగారూ. ఇక్కడ అపార్టుమెంట్ల వాళ్ళు కొంతమంది అలవాటు పడ్డారు. మళ్ళీ అక్కడికొస్తే వీళ్ళు పోతారు. మీ వీధిలో నడవలేని ఇద్దరు ముగ్గురు ముసలోళ్ళ బేరం పోనే పోయింది, ఏం చేస్తాం."

ఎండ ముదిరేలోగా సరుకు అమ్ముడుపోవాలి అక్కడ. మిగిలింది ఏదో మెస్సు వాళ్ళకు వచ్చిన రేటుకు ఇచ్చేస్తుందని నా భార్య చెప్పింది. మా అరుగు మీద ఉన్నప్పుడు మధ్యాహ్నం దాకా తొందర ఉండేది కాదు. నాకు తెలిసిన పని ఒకటుంది కదా, అది చేద్దామనుకున్నాను. పచ్చటి షేడ్ నెట్ కొంచెం, రెండు పీవీసీ పైపులు, ప్లాస్టిక్ తాడు తీసుకుని స్కూటర్ మీద పెట్టుకుని, పోయిన ఆదివారం నా భార్యతో కలిసి వెళ్ళాను. కరెంటు స్తంభానికీ పక్క గోడకూ కడితే పెద్దగా ఖర్చు లేకుండా నీడ వస్తుంది. అక్కడే నిలబడి కొలతలు చూస్తుంటే చేపలావిడ అడిగింది.

"ఏంటదంతా?"

"నీకు నీడ కడదామని."

"వద్దు."

"ఊరికేనమ్మా. అరగంట పని."

"వద్దు బాబుగారూ. మీరు నీడ కట్టాక ఈ చోటు కూడా మీదవుద్ది."

కోపంగా అనలేదు. బేరం తేల్చేసినట్టు చెప్పి, తలకు చుట్టుకున్న తువ్వాలు సర్దుకుని, నా భార్య సంచీలో బొమ్మిడాయిలు వేసింది. ఇంకో రెండు ఎక్కువే వేసింది. నేను నెట్టు చుట్టి స్కూటర్ మీద పెట్టాను. వాళ్ళిద్దరూ ఇంకా మాట్లాడుకుంటున్నారు. నేను పక్కకు జరిగి, ఎండలో, నా భార్య వచ్చేదాకా నిలబడ్డాను.