బిందె పట్టుకున్న మరియమ్మ కోసం లాలాగూడ దాకా

మా అమ్మమ్మ వాళ్లమ్మ పేరు మరియమ్మ. ఆమెకు ఒక్క ఫొటో కూడా లేదు. పోలీసు చర్య జరిగిన ఏడాదే, ముప్పై నిండకుండా, జ్వరంతో పోయింది. అప్పటికి అమ్మమ్మకు ఏడేళ్లు, మొహం గుర్తులేదు. కానీ ఆ వేసవిలో లాలాగూడ రైల్వే క్వార్టర్లలో ఉండే ఒక డ్రాయింగ్ మాస్టారు, నల్లా దగ్గర నీళ్లు పట్టే ఆడవాళ్లను సినిమా తీశాడట. అందులో వాళ్లమ్మ ఉందట. ఆ మాస్టారే తరవాత అధివాస్తవిక చిత్రాల దర్శకుడిగా పేరు తెచ్చుకున్నాడు. ఆయన తీసినవన్నీ లాలాగూడలోనే ఒక మ్యూజియంలో చూపిస్తున్నారని తెలిసిన రోజు నుంచి, అమ్మమ్మ ప్రార్థనలో నా బ్యాక్‌లాగులు వెనక్కి పోయి మ్యూజియం ముందుకు వచ్చింది.

పొద్దున తొమ్మిదిన్నరకు అల్వాల్‌లో సిటీ బస్సు ఎక్కాం. ఆధార్ చూపిస్తే అమ్మమ్మకు సున్నా టికెట్. ఈ మహాయాత్ర ఖర్చంతా మగజాతి తరఫున నేనే భరించాను. సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర ఆటో ఎనభై అన్నాడు, అరవైకి వచ్చాడు. దారిలో ఎందుకు పోతున్నామో చెప్పాను.

"సినిమానా? హీరో ఎవ్వరన్నా?"

"హీరో లేడు. పోస్టర్ మీద గొడుగు ఉంది."

"గొడుగు కోసం గింత దూరమా! ఓటీటీల వచ్చేదాక ఆగితే అయిపోవు."

"అందుల మా అమ్మ ఉన్నది, బిడ్డా," అంది అమ్మమ్మ.

ఆ తరవాత ఆటో ఒక్క గుంతలోనూ దూకలేదు.

మ్యూజియం పాత పెంకుటి బంగళా, టికెట్ యాభై. మొదటి గదిలో పోస్టు డబ్బాలో చేప, నిచ్చెన ఎక్కుతున్న మేక, మనుషులు లేని గొడుగుల ఊరేగింపు. "మాస్టారు మంచోడే రా," అంది అమ్మమ్మ, "ఎండ జెర ఎక్కువ తగిలినట్టుంది."

నల్లా సినిమా చివరి గదిలో ఆగకుండా తిరుగుతోంది. ఆకాశం నల్లగా, నీడలు తెల్లగా ఉన్నాయి. ఎందుకిలా అని అడిగితే అక్కడి మేడమ్ చెప్పింది: సంస్థానంలోకి సరుకుల రాకపోకలు ఆపేసిన రోజులు, ప్రింటు వేయడానికి ఫిలిం రాలేదు, మాస్టారు నెగటివ్‌నే గోడ మీద ఆడించారు. చూసినవాళ్లు కలలా ఉందన్నారు. ఆయన జీవితాంతం అలాగే తీశారు. అధివాస్తవికత అంటే సరుకు దొరక్కపోవడమని మా కాలేజీలో ఎవరూ చెప్పలేదు.

అమ్మమ్మ ఇదేమీ వినలేదు. కళ్లు తెర మీదే. రెండుసార్లు చూసి, చేతిసంచి తీసుకొని లేచింది.

"అందరు ముసలోళ్లే. మా అమ్మ లేదు. పోదాం పా."

అప్పుడే తెరమీద ఒక పిల్ల ఒకామె కొంగు పట్టి గుంజింది. ఆమె చంకలో బిందెతోనే, వెనక్కి చూడకుండా, తడిచేత్తో పిల్ల నెత్తిన ఒక్కటి తట్టింది. అమ్మమ్మ మళ్లీ కూర్చుంది.

"గా గుంజేది నేనే రా. అమ్మ గట్లనే తట్టుతుండె."

"తెల్లజుట్టుతోనా?" అని ఆటపట్టించాను.

"పిల్లకు సుత తెల్లజుట్టేందీ?"

"నెగటివ్ అమ్మమ్మా. నల్లది తెల్లగ కనిపిస్తది."

మేడమ్‌ను అడిగి ఫొటో తీసి, ఫోన్‌లో రంగులు తిరగేశాను. నల్లటి జడ, పెద్ద కళ్లు, నవ్వు ఆపుకుంటున్న ముప్పై లోపు అమ్మాయి. అమ్మమ్మ ఫోన్ రెండు చేతుల్లోకి తీసుకుంది.

"ఏందమ్మా, గింత చిన్నపోరివా నువ్వు!"

చాలాసేపు చూసి నాకు తిరిగిచ్చింది. "మళ్ల అట్లనే చెయ్యి. తెల్లజుట్టు."

"ఎందుకు?"

"బతికుంటే ముసల్దై ఎట్లుంటుండెనో అని ఎన్నిసార్లు అనుకున్ననో. జెర చూడనియ్యి."

భోజనానికి తలుపులు మూసేదాకా అక్కడే ఉన్నాం. పోలీసు చర్య రోజుల విమానాల చప్పుడు, వెలుగు బయటికి పోకుండా కిటికీలకు అంటించిన నల్ల కాగితాలు, అయినా ఆగని నల్లా లైను, అన్నీ చెప్పింది అమ్మమ్మ. నేను పుట్టని లాలాగూడ మీద నాకు బెంగ పుట్టింది. తల్లీకూతుళ్లు ఇద్దరూ తెల్లజుట్టుతో ఒకే చోట కూర్చోవడం నిజంగా జరగలేదు. ఫోన్‌లో ఒకరు, ఫోన్ పట్టుకొని ఒకరు, నేను చూశాను, అంతే. వెళ్లేవారికి ఒక్క సూచన: ఫోన్‌లో రంగులు తిరగేయడం ముందే నేర్చుకొని వెళ్లండి. తిరగేసే ముందు మాత్రం, పక్కన కూర్చున్న మనిషి ఎవరిని చూడాలని వచ్చిందో అడగండి.