చెల్లెలి ఆది జాకెట్టు, నా కూతురి లెక్కల పరీక్ష

నాకు సంతకమూ అంకెలూ తప్ప రాత రాదు. నేను చెబుతుంటే నా కూతురు రాస్తోంది. ఇందాకే పెన్ను ఆపి, "ఇదంతా ఎందుకులే మా" అంది. రాయమన్నాను. తప్పు చేయించింది నేను. రాయకపోతే ఆ తప్పు దాని మీదే ఉండిపోతుంది.

ఆళ్ళగడ్డలో మా వీధికి జాకెట్లు కుట్టేది నేనే. మా ఆయన శిల్పాలు చెక్కే చోట పనిచేసేవాడు. ఆయన పోయిన ఏడాదే ముందుగదిలో మిషన్ వేసుకున్నాను. టేపు మీద అర, పావు, అరపావు నా వేలికి తెలుసు. ఎవరి కొలతలు ఏవో పుస్తకంలో రాసుకోలేను కాబట్టి, వచ్చిన ప్రతి మనిషినీ ఆది తెమ్మంటాను. ఆది అంటే ఒంటికి సరిగ్గా కుదిరిన పాత జాకెట్టు. దాన్ని పరిచి, దాని ప్రకారమే కొత్త గుడ్డ కత్తిరిస్తాను.

నా కూతురు ఇంటర్ వరకూ ఇక్కడే, తెలుగు మీడియంలో చదివింది. తర్వాత నంద్యాలలో డిగ్రీకి చేరింది. కంప్యూటర్లు, దాంతోపాటు లెక్కలు. రోజూ బస్సులో పోయి వస్తుంది. గుడ్డ ఇచ్చి పోవడానికి వచ్చిన వాళ్ళకు కూడా కుర్చీ వేసి మరీ ఆ సంగతి చెప్పేదాన్ని.

చేరిన మొదటి వారమే ఇంటికొచ్చి చెప్పింది.

"సోమవారం లెక్కల పరీక్ష పెడతారంట మా. తక్కువొచ్చినోళ్లను వేరే బ్యాచ్ చేస్తారంట. వాళ్లు పొద్దున్నే గంట ముందు పోవల్ల."

"పోతే ఏమాయె?"

"వాళ్లను ఒకటో ఎక్కం బ్యాచ్ అని ఎగతాళి చేస్తాండారు."

ఆ పేరు నాకు ముల్లులా దిగింది. వీధి వీధంతా చెప్పుకున్నాను కదా.

"నీ పక్కన ఎవురు కుచ్చుంటారు?" అన్నాను.

"పాణ్యం పిల్ల. బాగా చదువుతాది."

"అయితే అటూ ఇటూ చూసైనా రాయి. ఆ బ్యాచ్‌లో పడితే ఈ వీధిలో నేను తల ఎత్తుకోలేను."

"మా, చూసి రాయమంటాండావా?"

"కండ్లు మూసుకోని రాయమంటాండానా?"

నా మాట అది విన్నది. పెద్ద బ్యాచ్‌లో వేశారు. ఆ సాయంత్రమే ఎదురింటి ఆమెకు చెప్పి వచ్చాను. వాళ్ళది కిరాణా అంగడి. ఆమెకు చెబితే ఇంక ఎవరికీ చెప్పే పని ఉండదు.

తర్వాత రెండు నెలలు దాన్ని నేను సరిగ్గా చూడలేదు. పెళ్ళిళ్ళ కుట్టు మీద ఉన్నాను. అన్నం కలిపి వదిలేస్తోందని తెలుసు. బస్సు అలసట అనుకున్నాను. పుస్తకం తెరిచి కూర్చుంటే చదువుతోందనే అనుకున్నాను. ఎన్ని రోజులైనా అది అదే పేజీ అని, చదువు రానిదాన్ని, నాకెలా తెలుస్తుంది?

ఒక శనివారం నేను వంటింట్లో ఉంటే మిషన్ చప్పుడు వినిపించింది. వచ్చి చూస్తే అది కూర్చుని తొక్కుతోంది.

"ఏందీ, ఈపొద్దు కాలేజీ లేదా?"

"లేక ఏం. నేనే పోలే. ఇంక పోను మా. నీతోపాటు కుడతా."

"ఎవురన్నా ఏమన్నా అన్న్యారా?"

"ఎవురూ ఏమీ అనలే." మిషన్ ఆపింది. "మిడ్ పరీక్షలో తెల్ల కాయితం ఇచ్చినా. పేరు, నంబరు రాసి ఇచ్చేసినా. మేడం బోర్డు మీద మూడు లైన్లు రాసి, ఇది మీకు తెలిసిందే కదా అంటాది. అందరూ ఊ అంటారు. నేనూ ఊ అంటా."

"అడగల్ల కదా."

"ఏమని అడిగేది? మొదటి పరీక్షలో నేను సొంతంగా రాసింది నాలుగు లెక్కలే. మిగతావన్నీ పాణ్యం పిల్లవి. నాకు అవన్నీ వస్తాయనుకుంటాండాది మేడం."

తిట్టడానికి నోరు తెరిచాను. ఎదురింటి ఆమె జాకెట్టు గుర్తొచ్చింది.

అంతకు ముందు ఎండాకాలం, తమ్ముడి గృహప్రవేశానికని ఆమె మంచి పట్టుగుడ్డ ఇచ్చింది. ఆది కూడా ఇచ్చింది. దాని ప్రకారమే కుట్టాను. తీరా వేసుకోబోతే మోచేతి పైకి ఎక్కలేదు. ఒక చెయ్యి లోపల, ఒక చెయ్యి బయట పెట్టుకుని నాతో పోట్లాడింది. "నీ చెయ్యి తప్పింది" అని ఆమె, "నీ ఆదే చూసి కుట్టినా" అని నేను. చివరికి తేలిందేమంటే, తన కొలత నాకు తెలుస్తుందని సిగ్గుపడి చెల్లెలి జాకెట్టు తెచ్చి ఇచ్చిందంట. "అప్పటికి సన్నబడతాలే అనుకున్నాక్కా" అంది. కుట్లన్నీ విప్పి, చంకల కింద ముక్కలు వేసి ఎట్లనో ఆమెకు ఎక్కించాను. వారం రోజులు నేనూ నా కూతురూ తలుచుకుని నవ్వుకున్నాం.

ఆమెను చూసి నవ్వినదాన్ని, నా కూతురి చేత ఇప్పించింది కూడా వేరేవాళ్ళ ఆదే.

సోమవారం దాన్ని వెంటబెట్టుకుని బస్సెక్కాను. దారంతా "వద్దు మా, డీబార్ చేస్తారు" అంటూనే ఉంది. లెక్కల మేడం స్టాఫ్ రూములో కాయితాలు దిద్దుతోంది. నా కూతురు వెనకాల నిలబడి నా కొంగు పట్టుకుంది, పద్దెనిమిదేళ్ళ పిల్ల.

"మేడం, నా బిడ్డను కింది బ్యాచ్‌కు మార్చండి" అన్నాను.

ఆమె కళ్ళజోడు తీసింది. "నువ్వు ఉల్టా వచ్చినావే. ఈడికొచ్చే తల్లిదండ్రులంతా పైకి మార్చమనే వస్తారు."

"చూసి రాయమని నేనే చెప్పినా మేడం. దాన్నేమీ అనొద్దండి." జాకెట్టు కథ కూడా చెప్పాను. పక్క టేబుల్ దగ్గర ఎవరో నవ్వారు కానీ, ఆమె నవ్వలేదు.

"ఆ పరీక్ష మార్కులు మేం యాడా కలపమమ్మా. ఎవరికి యాడ నుంచి మొదలుపెట్టల్లనో తెలుసుకునేదానికే అది."

"ఆ మాట పిల్లోళ్లకు ముందే చెప్పింటే బాగుండు మేడం."

అనేశాక భయం వేసింది. ఆమె కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "అదీ నిజమే" అంది.

బీరువాలోంచి అలాంటి కాయితమే ఒకటి తీసి, పక్క గదిలో నా కూతుర్ని ఒక్కదాన్నే కూర్చోబెట్టింది. నేను వరండాలో కూర్చున్నాను. కిటికీలోంచి కనిపిస్తోంది. రాస్తోంది, కొట్టేస్తోంది, మళ్ళీ రాస్తోంది. అటూ ఇటూ చూడటానికి పక్కన ఎవరూ లేరు.

మేడం ఆ కాయితానికి మార్కులు వేయలేదు. ఒకచోట ఎర్ర పెన్నుతో సున్నా చుట్టింది. "ఈడ ఆగిపోయింది. భిన్నాలు. చిన్న తరగతిలోది ఇది. పైవన్నీ దీని మీదే నిలబడల్ల. ఇంటర్ ఎట్ల పాసైనావమ్మా?"

"బట్టీ పట్టినా మేడం." అక్కడ అది మాట్లాడిన మొదటి మాట అదే.

పొద్దున కింది బ్యాచ్‌కు రమ్మంది. దాని అసలు పేరు బ్రిడ్జి క్లాసంట. మధ్యాహ్నం అన్నాల తర్వాత ఒక గదిలో సీనియర్ పిల్లలు కూర్చుని డౌట్లు చెబుతారంట, అక్కడికీ పొమ్మంది. "రోజుకు ఒకటన్నా అడగల్ల. అడగకపోతే మీ అమ్మను పిలిపిస్తా. ఆమె ఎవరికీ భయపడదు" అంది.

తిరుగు బస్సులో అడిగాను. "భిన్నమంటే ఏందిమే?"

"అర, పావు, అట్లాంటివి మా."

"దానికేనా ఇంత భయం? ముప్పావుకు అరపావు కలిపితే ఎంత?"

"ఒకటికి అరపావు తక్కువ" అంది వెంటనే. మిషన్ పక్కన పెరిగిన పిల్ల మరి.

"మరి కాయితం మీద?"

"కాయితం మీద ఉండేది అరపావే అని నాకు తెలీలే మా."

దాంతో అన్నీ వచ్చేశాయని చెప్పను. రెండు మూడు వారాలు ఏడ్చుకుంటూనే పోయింది. ఆ క్లాసులో కొలిమిగుండ్ల వైపు పిల్లలు, మిడుతూరు పిల్లలు ఉన్నారంట. వాళ్ళే ఒకరినొకరు "ఏమప్పా ఒకటో ఎక్కం" అని పిలుచుకుంటారంట. అది చెప్పినప్పుడు మొదటిసారి నవ్వింది. రెండో మిడ్‌లో గట్టున పడింది, అంచు మీదే అనుకోండి. తెల్ల కాయితం మాత్రం ఇవ్వలేదు. మిషన్ మీద కూర్చుంటానని మళ్ళీ అనలేదు.

మొన్న ఎదురింటి ఆమె కొత్త గుడ్డ పట్టుకుని వచ్చింది. నా కూతురు కింద కూర్చుని హుక్కులు కుడుతోంది.

"మీ పాప పొద్దున ఆరుకే బస్సెక్కుతాందే. పెద్ద బ్యాచ్‌కు స్పెషల్ క్లాసులా అక్కా?"

అవునంటే సరిపోయేది. నా కూతురి చేతిలో సూది ఆగింది.

"పెద్ద బ్యాచ్ కాదు. తక్కువొచ్చినోళ్ల బ్యాచ్. నేనే పోయి మార్పిచ్చినా" అన్నాను.

ఆమె నన్ను చూసింది, దాన్ని చూసింది. ఎందుకని అడుగుతుందనుకున్నాను. అడగలేదు. సంచిలోంచి ఆది తీసి నా ముందు పెట్టింది. "ఇది నాదే అక్కా" అంది.

కింద సూది మళ్ళీ కదిలింది. ఆది ఆమెదే అయినా, ఈసారి ఒంటి మీదే కొలవాలని నేను మెడలోని టేపు తీశాను.

"చేతులెత్తు. ఊపిరి బిగబట్టొద్దు" అన్నాను.