గ్వానహువాతో సందులో పిలిచిన పేరు

డబ్లిన్ నిండా కొత్త భవనాలు కట్టే క్రేన్లు లేచిన రోజులవి. అక్కణ్ణించి కాజిల్‌బార్ అనే ఊరికి వెళ్ళే బస్సులో కిటికీ పక్కన కూర్చున్న ఐరిష్ పెద్దావిడ నాతో మాట కలిపింది. భర్త పోయాక, ఇద్దరూ కలిసి చూడాలనుకున్న మెక్సికో ఊరు గ్వానహువాతోకి ఒంటరిగా వెళ్ళొచ్చిందట. స్పానిష్ వాళ్ళు కట్టిన పాత ఊరు, కొండ నిండా పసుపు, గులాబీ ఇళ్ళు.

"సందులు ఎంత ఇరుకో చూడు," అంటూ చేతులు చాచింది. ఒక అరచేయి కిటికీకి, ఇంకొకటి నా భుజానికి తగిలింది. "రెండు గోడలూ ఇలాగే అందాయి. అక్కడే దారి తప్పాను."

"భయమేయలేదా అండీ?"

"లేదు, గ్రాండ్‌గా, హాయిగానే ఉంది. ఎక్కడో గంటలు మోగుతుంటే ఆయన్ని పేరు పెట్టి గట్టిగా పిలిచాను. ఆయన పోయాక ఇంట్లో ఆ పేరు నోటికి రాలేదు."

ఆమె దిగిపోయాక, రెండేళ్ళ క్రితం పోయిన మా చెల్లి పేరు నాకు మాత్రమే వినపడేలా పలికాను.