మేనమామ విమానం ఇంజను నంబరు

మా యార్క్‌షైర్ ఊళ్ళో క్లిఫర్డ్ ఓల్డ్‌రాయ్డ్ అనే పింఛనుదారు ఉన్నాడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో కొండకు గుద్దుకున్న బాంబరు విమానంలో అతని మేనమామ విల్ఫ్ పోయాడు. ఇరవయ్యేళ్ళుగా ఆ చావు మీద పరిశోధనే క్లిఫర్డ్ ఉద్యోగం. జీతం లేదు గాని గొప్ప బోలెడు. పబ్బులో బీరు కన్నా ముందు ఫైలు తెరుస్తాడు. జేబులోని విమానం రేకుముక్కను బొటనవేలితో రుద్దుతూ ఆనాటి మబ్బుల ఎత్తు, ఇంజను నంబరు అప్పజెబుతాడు. మొన్న ఆదివారం భోజనాల దగ్గర నా ముందు అదే పాఠం ఎత్తుకుంటే, తొంభయ్యేళ్ళ వాళ్ళమ్మ డోరీన్ ముల్లుగరిటె కింద పెట్టింది.

"చివరిసారి సెలవుకొచ్చినప్పుడు అన్నయ్య ఇంక వెళ్ళనని మనింటి బొగ్గుల కొట్టుగదిలో దాక్కున్నాడురా. నాన్నకి చూపించింది నేనే."

క్లిఫర్డ్ కాగితాలు తిరగేశాడు. "అలాంటిది రికార్డుల్లో ఎక్కడా లేదమ్మా. నువ్వప్పటికి చిన్నపిల్లవి."

"తొమ్మిదేళ్ళు," అందామె.

"అదే మరి," అని ఆమె చెయ్యి తట్టి, ఇంజను నంబరు దగ్గర్నుంచి మళ్ళీ అందుకున్నాడు.